ఆ తెల్ల శిఖరం పోర్చుగీసు వాళ్లది కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మద్రాసు చర్చీల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. సంతోషం. చెన్నై ఎడిషన్‌లో సినిమావాళ్ల పెళ్లిళ్లూ తిరుపతి బస్సుల వేళలూ తప్ప ఈ ఊరి గోడల గురించి రాసి ఎన్నాళ్లయిందో. కాఫీ చల్లారిపోతున్నా కప్పు ముట్టకుండా చదివాను. కానీ మొదటి పేజీలో సగం ఆక్రమించిన ఫొటో దగ్గరే పంటికింద రాయి తగిలింది. శాంథోమ్ రోడ్డు మీద నిలబడి తీసిన ఫొటో. నీలాకాశంలోకి సూదిలా దూసుకుపోయిన తెల్ల శిఖరం. దాని కింద అచ్చు: "ఐదు వందల ఏళ్ల కిందట పోర్చుగీసు వారు కట్టిన చర్చి".

ఆ శిఖరానికి ఐదు వందల ఏళ్లు లేవండీ. నూట ముప్పై.

ఫొటో కింద ఒక్క వాక్యమే కదా, దీనికి ఉత్తరం రాయాలా అని మా ఇంటావిడ కూడా అడిగింది. రాయకపోదును. ఆరో తరగతి చదివే మా మనవరాలికి తెలుగు చదవడం నేను మీ పేపర్లోనే నేర్పుతున్నాను. ఈ ఊళ్లో అంతకు మించి దారి లేదు. ఆ పిల్ల ఆ ఫొటోను కత్తెరతో నీటుగా కత్తిరించి, స్కూలు వాళ్లు "మన ఊరి పాత కట్టడాలు" అని ఇచ్చిన పనికి నోటుబుక్కులో అంటించేసింది. మీరు వేసిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా కింద రాసింది కూడా. "ఇది తప్పు తల్లీ" అంటే, "పేపర్లో పడింది కదా తాతా" అంది. ఇక నాకు మీతో తప్ప ఎవరితో పేచీ పెట్టుకోవడానికి ఉంది?

ముందు శాంథోమ్ సంగతి తేల్చేస్తాను. పోర్చుగీసు వాళ్లు అక్కడ చర్చి కట్టిన మాట నిజం. క్రీస్తు శిష్యుడు తోమా అపోస్తలుడి సమాధి అని నమ్మే చోట 1523 నాడు బాగుచేతలు మొదలుపెట్టి గుడి లేపారు. దాని చుట్టూ సావో తోమే అని వాళ్ల ఊరే వెలిసింది. 1606లో ఆ ఊరికి సొంత బిషప్పు వచ్చాడు. కానీ ఆ పాత గుడిని 1893లో పడగొట్టారు. ఇప్పుడున్నది 1896లో అభిషేకం జరిగిన కొత్త కట్టడం. నిలువుగా ఎక్కిపోయే మొనదేలిన కమానులు, 155 అడుగుల శిఖరం, ఇదంతా ఆ రోజుల్లో ఇంగ్లండులో మళ్లీ మోజెక్కిన గోతిక్ పద్ధతి. గీసినవాడు ఇంగ్లీషు సైన్యపు ఇంజనీరు, కెప్టెన్ పవర్. అయితే కట్టించిన బిషప్పు రీడ్ ద సిల్వా పోర్చుగీసువాడే, ఎందుకంటే చుట్టూ ఇంగ్లీషు రాజ్యం ఉన్నా మైలాపూరు పీఠం మాత్రం అప్పటికీ పోర్చుగల్ రాజు పోషణలోనే ఉండేది. కాబట్టి "బ్రిటిషు వారు కట్టిన చర్చి" అని సవరణ వేసినా సగమే ఒప్పవుతుంది. ఆ తొందర కూడా పడకండి.

శాంథోమ్‌లో నిజంగా పోర్చుగీసుది ఏదంటే మైలై మాత అని పిలిచే కొయ్య విగ్రహం. మూడడుగులుంటుందేమో. 1543లో పోర్చుగల్ నుంచి ఓడలో వచ్చిందంటారు. 1545లో క్రైస్తవ ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ ఇక్కడ కొన్ని నెలలు ఉన్నప్పుడు ఈ మాత ముందే మోకరిల్లేవాడని చెప్పుకుంటారు. మీ ఫొటోగ్రాఫరు లోపలికి నాలుగడుగులు వేసి ఉంటే వాక్యం మార్చక్కర్లేకుండా ఫొటో మార్చి ఉండొచ్చు.

ఇక అసలు సంగతి. మీ వ్యాసంలో మైలాపూరు లస్ చర్చికి ఇచ్చింది రెండున్నర వాక్యాలు. పోర్చుగీసు పని చూడాలనుకునేవాడు ఈ ఊళ్లో మొదట వెళ్లాల్సింది అక్కడికి.

నేనెవరినో చెప్పకుండా ఇంత గట్టిగా మాట్లాడితే బాగుండదు. నాకు 72 ఏళ్లు. కట్టడాల కాంట్రాక్టర్ల దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా జీవితమంతా గీతలు గీసి రిటైరయ్యాను. చదివింది తక్కువ. మా నాన్న సూళ్లూరుపేట దగ్గర్నుంచి మద్రాసొచ్చిన సున్నపు మేస్త్రి. గచ్చుపనిలో ఆయన చెయ్యి పడితే గోడ అద్దమయ్యేదని ఆయనతో పనిచేసినవాళ్లు ఇప్పటికీ ఒకరిద్దరున్నారు, వాళ్లు చెబుతారు. మేం క్రైస్తవులం కాదు. అయినా నాకు పదేళ్లప్పుడు, పని లేని ఒక మధ్యాహ్నం, నాన్న నన్ను మందవెలి నుంచి నడిపించుకుంటూ లస్ చర్చికి తీసుకుపోయాడు. చెప్పులు బయట వదిలి, తుండు నడుముకు కట్టుకుని, గర్భగుడిలోకి వెళ్లినట్టే వెళ్లాడు. బలిపీఠం వైపు ఒక దణ్ణం పెట్టి, తల పైకెత్తి కమాను చూస్తూ నిలబడిపోయాడు. ఎంతసేపో. నాకు మెడ నొప్పెట్టింది.

"ఏందిరా అబ్బయా, ఏం కనపడతా ఉంది?" అన్నాడు.

"వంపు" అన్నాను.

"వంపు కాదురా. బరువు. పైనుంచి బరువు ఎట్టా దిగతా ఉందో చూడు. నడినెత్తిన రెండు పక్కలూ ఒకదాన్నొకటి తోసుకుంటా ఉండాయి. రెండూ పడాలనే చూస్తా ఉండాయి. అందుకే రెండూ పడవు."

ఆ తర్వాత నలభై ఏళ్లు ఆఫీసులో కమానుల లెక్కలు వేశాను. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

మన గుళ్లు చూడండి, పక్కనే కపాలీశ్వరుడి గుడి ఉంది. స్తంభం నిలబెట్టి, దాని మీద దూలం పడుకోబెట్టే పద్ధతి. రాయి ఎంత పొడుగుంటే రెండు స్తంభాల మధ్య అంతే ఎడం. అందుకే మన మంటపంలో అడుగడుక్కీ స్తంభం అడ్డొస్తుంది. ఆ అడ్డమే దాని అందం అనుకోండి, అది వేరే మాట. పరంగివాళ్ల గుడికి కావలసింది అది కాదు. ఊరి జనమంతా ఒకేచోట కూర్చుని పీఠం దగ్గర ఫాదరు చేసే పూజ చూడాలి, ఆయన మాట వినాలి. అడ్డు ఉండకూడదు. పోర్చుగల్‌లో పల్లెకో విచారణ గుడి, అంటే ఆ ఊరి క్రైస్తవులందరి చర్చి, ఉంటుంది, వాటి వరస ఇంచుమించు ఒకటే: పొడుగాటి హాలు ఒకటి, దాని చివర హాలు కంటే ఇరుకైన, నేల కాస్త ఎత్తు చేసిన గది. రెంటికీ మధ్య ఒక పెద్ద కమాను. ఆ ఇరుకు గదిలో, నేల నుంచి కప్పు దాకా గోడంతా నింపేసి, చెక్కిన కొయ్యతో బలిపీఠపు వెనకతట్టు. గుమ్మం దగ్గర నిలబడ్డవాడి చూపు ఎటూ జారకుండా ఆ కమానులోంచి దూరి తిన్నగా పీఠం మీద పడుతుంది. మన గుడిలో ధ్వజస్తంభం దగ్గర్నుంచి గర్భగుడి దీపం కనపడ్డట్టే. దారి వేరు గానీ కోరిక ఒకటే.

లస్ చర్చిలో ఆ కోరిక కనిపిస్తుంది. బయట ముఖం చిన్నది, తెల్లది, నెత్తి మీద వంపులు తిరిగిన అలంకారం. లోపల మొనదేలిన గోతిక్ కమానులు, పీఠం దగ్గర ఒంపులు తిరిగిన బరోక్ నగిషీ, బంగారు రేకు. ఒకే ఇంట్లో తాతగారి పెట్టె, మనవడి టీవీ పక్కపక్కన ఉన్నట్టు కాలాలన్నీ కలిసిపోయి ఉంటాయి. ఒక మేస్త్రి మొదలుపెట్టి ముగించిన పని కాదది. 1662 నుంచి కొన్నేళ్లు గోల్కొండ సేనలు అందులో దిగాయి. 1780లో హైదర్ అలీ వాళ్లు వచ్చి రెండేళ్లున్నారు. ప్రతిసారీ దెబ్బ తిని, ప్రతిసారీ ఎవరో అతికారు. గోడ మందం చూడాలంటే కిటికీ గూట్లో చెయ్యి పెట్టండి, మోచేయి దాటి లోపలికి పోతుంది.

అక్కడో శిలాఫలకం ఉంది. ఫ్రాన్సిస్కన్ సన్యాసి పేద్రో ద అతోగియ ఈ గుడి కట్టాడని, సంవత్సరం 1516 అని. మన దామర్లవారు ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో చోటిచ్చింది 1639లో. అంటే ఈ ఊరికి ఊరనే పేరు రాకముందు 123 ఏళ్ల నాటి తేదీ అది. ఆ రాయి తర్వాత ఎప్పుడో పెట్టింది, గుడి ఇంకో ముప్పై నలభై ఏళ్ల తర్వాతిది అనే చరిత్రకారులూ ఉన్నారు, ఎందుకంటే పోర్చుగీసు వాళ్లు మైలాపూరులో కాపురాలు పెట్టిందే 1520ల్లో. వాళ్ల వాదన వాళ్లది. ఎటు చూసినా మీ ఫొటోలోని శిఖరానికి ముత్తాతకు ముత్తాత.

1516 అంటే పోర్చుగల్‌లో రాజు మాన్యుయేల్ ఏలుబడి. ఆయన కాలంలో లిస్బన్‌లో మొదలైన జెరోనిమోస్ మఠం ఫొటోలు మా మేనల్లుడు పంపాడు. వాడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు, మామయ్యకు గోడల పిచ్చి అని వాడికి తెలుసు. రాతిలో ఓడతాళ్లు చెక్కారండీ. ముడులు వేసిన తాళ్లు, పగడపు కొమ్మలు, సముద్రం మీద దిక్కు చూపే గోళాలు. ఓడల మీద వచ్చిన డబ్బు కాబట్టి ఓడ సామాన్లే గుడి మీద నగలయ్యాయి. అలాంటివి లస్‌లో వెతక్కండి, కనపడవు. ఇక్కడికొచ్చినవాళ్లు రాజుగారి శిల్పులు కాదు, చేతిలో జపమాల తప్ప ఏమీ లేని సన్యాసులు, నావికులు. తుపానులో దారి తప్పిన నావికులకు గట్టు మీద ఒక వెలుగు కనిపించిందట, దాని వెంట నడిస్తే ఇక్కడికొచ్చి మాయమైందట, అందుకే వెలుగు మాత. పోర్చుగీసులో లూజ్ అంటే వెలుగు. అరవంలో ప్రకాశమాత. చుట్టూ అడవి ఉండేది కాబట్టి కాట్టుకోయిల్. బస్సు కండక్టరు నోట్లో లస్సు.

మేనల్లుడు పంపిన ఇంకో ఫొటో, ఒక పల్లె విచారణ గుడి లోపలిది. గోడలన్నీ నీలం, తెలుపు పెంకులు. నేల నుంచి నిలువెత్తున, ఒక్కో పెంకు మన జానెడు కంటే చిన్నది, అన్నీ కలిస్తే ఒక కథ. అజులేజు అంటారట. మొదట్లో స్పెయిన్‌లోని సెవిల్ నుంచి రంగురంగులవి తెప్పించుకునేవారు. చైనా పింగాణీ, డచ్చివాళ్ల పెంకులు చూశాక పదిహేడో శతాబ్దం చివర్లో నీలం మోజు పట్టుకుంది. 1755 నవంబరు 1న, సర్వ పునీతుల పండగ నాడు, జనం గుళ్లలో ఉండగా లిస్బన్‌లో భూకంపం వచ్చి ఊరు నేలమట్టమైంది కదా, చాలా గుళ్లు మళ్లీ లేపినవే. మా మనవరాలు ఆ ఫొటో చూసి "మన బాత్రూం టైల్సులా ఉన్నాయి" అంది. నవ్వొచ్చింది గానీ పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు. తడి తగలని, తుడిస్తే మెరిసే గోడ కావాలన్నదే ఎక్కడైనా కోరిక. అక్కడ ఆ మెరుపు పెంకుతో వచ్చింది. మద్రాసులో గచ్చుతో వచ్చింది.

గచ్చు గురించి చెప్పకుండా ఉండలేను, మన్నించండి.

సున్నం అంటే ఇప్పటివాళ్లకు పండక్కి గోడకు కొట్టే తెల్లనీళ్లు. మా నాన్నకు అది వంట. పులికాట్ నుంచి వచ్చే గుల్లను బట్టీలో కాల్చి, నీళ్లు చల్లితే బుసబుసమని పొంగి పిండవుతుంది. ఆ పిండిని తొట్టిలో నీళ్లలో ఊరబెట్టాలి. ఎన్నాళ్లు ఊరితే అంత వెన్న. తర్వాత ఇసక కలిపి గానుగకు వేయాలి. ఎద్దు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, రాతి చక్రం కాలవలో దొర్లుతూ సున్నాన్ని నలుపుతూ ఉంటుంది. అదే డంగు సున్నం. కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం పానకం పోసేవాళ్లు. మేం పిల్లలం పానకం కుండ చుట్టూ చేరితే నాన్న తాపీతో అదిలించేవాడు. మొదటి పూత ముతక, రెండోది సన్నం. ఆఖరి పూతలో ఇసక ఉండదు. గంధంలా నూరిన సున్నం, దాన్లో కోడిగుడ్డు తెల్లసొన. అది పూశాక అసలు పని మొదలు. నున్నటి రాయి పట్టుకుని రుద్దడం. రుద్దుతుంటే గోడకు చెమట పడుతుంది, నిజంగానే, సన్నటి నీటి బొట్లు పైకొస్తాయి. మెత్తటి గుడ్డతో అద్ది మళ్లీ రుద్దాలి. ఒక రోజు కాదు, చెమట ఆగేదాకా. నాన్న పరీక్ష ఒకటే. గోడకెదురుగా నిలబడి, తన తలగుడ్డ రంగు అందులో కనపడిందా లేదా. ఇంగ్లీషు దొరలు ఈ గోడలు చూసి పాలరాయనుకుని తడిమి చూసేవారట. మద్రాసు చునామ్ అని పేరు పెట్టి ఇంగ్లండులో గొప్పగా చెప్పుకున్నారు. రుద్దిన చేతుల పేర్లు మాత్రం ఏ రాయి మీదా లేవు.

లస్ చర్చి కమాను కింద నిలబడి నాన్న అన్న ఇంకో మాట కూడా అదే. "సామి కట్టించినాడని రాతి మీద రాసుకున్నాడు, మంచిదే. సున్నం కలిపింది మాత్రం మనోడేరా." దీనికి ఆధారం చూపించమంటే నా దగ్గర లేదు, నాన్న దగ్గరా లేదు. కానీ నెలల తరబడి ఓడలో వచ్చిన పది మంది సన్యాసులు గుల్ల ఏరి, బట్టీ పెట్టి, ఇటుక కాల్చి గోడ లేపారంటే నేను నమ్మను.

గచ్చు విలువ నాకు తెలిసొచ్చింది నా సొంత ఇంట్లో, ఆలస్యంగా. నాన్న చేతులతో గచ్చు చేసిన మందవెలి ఇంటి ముందు గది గోడలు నాకు నలభై ఏళ్లు ఏ ఖర్చూ పెట్టించలేదు. పదిహేనేళ్ల కిందట ఒక కాంట్రాక్టరు వచ్చి, పాతబడిపోయాయి సార్ అని, వాటిని సుత్తితో పొక్కలు కొట్టి, సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ రంగు వేశాడు. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని, నాకే బుద్ధి లేకపోయింది. రెండు వానాకాలాలు తిరిగాయో లేదో గోడ అడుగున పొక్కులు లేచాయి. రంగు బుడగల్లా ఉబ్బి, వేలితో నొక్కితే లోపల్నుంచి తెల్లటి ఉప్పు పొడి రాలింది. పాత ఇటుక మెత్తన. నేలలోంచి తడి పీలుస్తుంది. సున్నమైతే ఆ తడిని బయటికి వదిలేస్తుంది, గోడ ఊపిరి తీసినట్టు. సిమెంటు మూత పెట్టేసింది. తడి పోయే దారి లేక, సముద్రపు గాలికి తోడైన ఉప్పుతో కలిసి ఇటుకనే తినేసింది. ఇప్పుడా గోడ అడుగు మూడడుగులూ కొత్త ఇటుకే. సున్నం పని తెలిసిన మనిషి కోసం వెతికితే దొరికినాయన వయసు 81. మెట్లెక్కలేనని దణ్ణం పెట్టి పంపేశాడు.

ఇదే కథ పెద్ద ఎత్తున గోవాలో చూశాను. మా ఆవిడతో కలిసి వెళ్లినప్పుడు. జేవియరు దేహం ఉన్న బోం జేసూ బాసిలికా ఎర్రగా, రాయి బయటపడి ఉంటుంది కదా, అందరూ ఆ ఎరుపే దాని అందం అనుకుని ఫొటోలు దిగుతారు. అది 1605లో పూర్తయినప్పుడు ఎర్రగా లేదు. సున్నం పూతతో ఉండేది. 1950ల్లో, పోర్చుగీసు ఏలుబడి చివరి రోజుల్లో, పాతదనం కనపడాలని ఆ పూతను గీకి పారేశారు. లేటరైట్ రాయి నోరు తెరుచుకున్న రాయి. అరేబియా వానలు ఆ నోట్లో పడి ఏటా కొంత కరిగిపోతోంది. మళ్లీ పూత పూయాలా వద్దా అని వాదులాట. పూయండి బాబూ అని అరవాలనిపించింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఆ ఊళ్లోనే ఒక చిన్న గుడిలో పాత పీఠం బాగుచేస్తున్న చెక్కపనివాడు బంగారు రేకు ఎలా నిలుస్తుందో చూపించాడు. లస్ చర్చి పీఠం దగ్గర నిలబడ్డప్పుడల్లా అతనే గుర్తొస్తాడు. చెక్క మీద నేరుగా బంగారం నిలవదు. ముందు జిగురులో కలిపిన సుద్ద, పూత మీద పూత. ఆరాక సానబట్టి, దాని మీద మెత్తటి ఎర్రమట్టి. తర్వాత తడిచేసి, ఊపిరి తగిలితే ఎగిరిపోయే రేకును కుంచె కొసతో ఎత్తి వదులుతాడు. రేకు తనంతట తానే వెళ్లి అతుక్కుంటుంది. ఆరాక నున్నటి అగేటు రాయితో రుద్దుతాడు. ఆ రుద్దడం చూసి నేను ఉలిక్కిపడ్డాను. మణికట్టు తిప్పడం, రాయి పట్టు, ఊపిరి బిగబట్టడం, అచ్చం మా నాన్న. రేకు అరిగిన చోట్ల అడుగునున్న ఎరుపు తొంగిచూస్తుంది. పాత బంగారం వెచ్చగా కనపడేది ఆ ఎర్రమట్టి వల్లనే, పసుపు ముఖానికి కుంకుమలాగా. పోర్చుగీసు వాళ్లు ఈ పనిని తాల్యా దొరాదా అంటారు. బ్రెజిల్ గనుల్లో బంగారం పడ్డాక వాళ్ల గుళ్లలో కొయ్య కనపడకుండా రేకు అద్దేశారు.

ఇంకొక్క ఫిర్యాదు. మీ వ్యాసం నిండా ఆల్టర్, పారిష్, పారిష్ ప్రీస్ట్. ఎందుకండీ? గుంటూరు జిల్లా ఫిరంగిపురం వెళ్లి ఏ ముసలమ్మనైనా అడగండి. బలిపీఠం, విచారణ, విచారణ గురువులు, దివ్యబలిపూజ అని నోరారా చెబుతుంది. ఆ ఊరి పేరులోనే పరంగి ఉంది. ఇక్కడ తోమా కొండను పరంగిమల అంటారు. దాని మీద 1523 నాటి పోర్చుగీసు గుడి, 1547లో పునాది తవ్వుతుంటే బయటపడిన పహ్లవీ (పాత పారసీక భాష) రాతల శిలువ, అదే ఒక ఆదివారానికి సరిపోయే కథ. మా నెల్లూరు వైపు బొప్పాయిని పరంగికాయ అనేవాళ్లున్నారు. మా అమ్మ వంటింటిని కుసిని అనేది, పోర్చుగీసు మాట. పాదిరి వాళ్లదే, బొత్తాం వాళ్లదే. అంతెందుకు, మా నాన్నను జీవితమంతా జనం ఏ మాటతో పిలిచారో ఆ మేస్త్రి కూడా వాళ్లు ఓడలోంచి దించిందే. ఆయనకు ఆ సంగతి తెలియకుండానే పోయాడు. తెలిసుంటే "అయితే సున్నం ఇచ్చి మాట తీసుకున్నాం" అనేవాడు.

లస్ మనకు పరాయి వీధి కూడా కాదు. ఆ చర్చి పేరున్న రోడ్డు మీదే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి అమృతాంజనం. ఆయన పేరున్న పార్కులోనే నేను రోజూ సాయంత్రం నడుస్తాను. కోస్తావాళ్లూ సీమవాళ్లూ కూర్చుని ఒడంబడిక రాసుకున్న ఆయన ఇల్లు శ్రీబాగ్ అక్కడిదే. 1937 నవంబరు 16న ఆ పెద్దమనుషులంతా ఈ వెలుగుమాత గుడి పక్కగానే బళ్లలో వచ్చిపోయి ఉంటారు. తెలుగు పత్రిక నడిపిన మనిషి వీధిలోని గుడికి తెలుగు పత్రికలో రెండున్నర వాక్యాలు తక్కువ కాదా అని నా బాధ.

వచ్చే ఆదివారం సవరణ వేయండి. లోపలి పేజీలో మూలన, చీమతలకాయంత అక్షరాల్లో కాదు. ఆ ఫొటో ఎక్కడ వేశారో అక్కడే, కాస్త కనపడేట్టు. వీలైతే ఫొటోగ్రాఫర్ని ఒక సాయంత్రం నాలుగు దాటాక లస్‌కు పంపండి. మెట్రో పనుల వల్ల దారి కాస్త చుట్టు, ఆటో కంటే నడక మేలు. ఆ వేళకు ఎండ ఏటవాలుగా పడుతుంది, గోడ ఎగుడుదిగుళ్లన్నీ నీడల్లో తేలతాయి. మట్టపుగుండు పట్టుకుని కట్టిన గోడకూ కంప్యూటరుతో కట్టిన గోడకూ తేడా అప్పుడే తెలుస్తుంది.

మనవరాల్ని శనివారం తీసుకెళ్లాను. కమాను కింద నిలబెట్టి, ఏం కనపడుతోందని అడిగాను. "ఫ్యాన్" అంది. నేనేమీ అనలేదు. తర్వాత కిటికీ గూట్లో చెయ్యి పెట్టించాను. భుజం దాకా పోయింది. ఇంటికొచ్చి నోటుబుక్కులో మీ వాక్యాన్ని పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి, కింద నాలుగు వేళ్ల ఖాళీ వదిలింది. అక్కడ ఏం రాస్తావమ్మా అంటే, పేపర్లో సవరణ పడితే కత్తిరించి అంటిస్తుందట. నేను చెప్పింది రాయదట. నోటుబుక్కు ఈ నెల 28న స్కూల్లో ఇవ్వాలి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, సున్నపు మేస్త్రి కొడుకు,
మందవెలి, చెన్నై